బండికి కట్టిన ఇంజిన్

ఉదయం ఆరూ పదికి ట్రక్కు మమ్మల్ని సరిహద్దు పోస్టు కింద దింపింది. అక్కడినుంచి నాలుగు గంటల కొండెక్కుడు. చలి సున్నాకు పద్నాలుగు డిగ్రీలు కింద. మాది ఎమ్మిగనూరు, మగ్గం నేసే ఇల్లు. అంత చలి కలలో కూడా ఎరగను. పోస్టుకు మెకానిక్‌ని నేనే.

ముందు బంకర్ మాకు ఎనభై మీటర్ల దూరం. మధ్యలో కందకం షెల్లింగ్‌కు కూలిపోయింది. తల బయటపెడితే తూటా. అందుకని మందులు పంపడానికి రెండడుగుల రిమోట్ బండి చేశాను, పిల్లల బొమ్మ లారీ లాంటిది. చలికి దాని బ్యాటరీ పది మీటర్లకే చచ్చేది. ఇలా కాదని, కట్టెలు కోసే మిషన్ రంపంలోంచి చిన్న పెట్రోలు ఇంజిన్ ఊడదీశాను. పాత జీపు హీటర్ ఫ్యాను మోటారును దానితో తిప్పితే, ఆ మోటారే కరెంటు పుట్టిస్తుంది. రెండింటినీ కలపడానికి బెల్టు కావాలి. దొరకలేదు. నూలు దారం పేని తాడు చేశాను. మా ఇంట్లో చేసినట్టే నీళ్లలో తడిపాను. తడిస్తే నూలుకు బలం, పుట్టినప్పటినుంచి చూస్తున్నదే కదా! వెచ్చటి బంకర్‌లో బ్రహ్మాండంగా తిరిగింది. పోస్టు పెద్ద సుబేదారు నా భుజం తట్టాడు.

ఆ తర్వాత మూడోరోజు మధ్యాహ్నం రెండింటికి షెల్లింగ్ మొదలైంది. ముందు బంకర్‌లో ఇద్దరే. ఒకడికి తొడ చీలిపోయింది. రెండోవాడు గన్నరు, మా ఊరి వైపే, హాలహర్వి వాడు. రేడియోలో అరిచాడు.

"అన్నా, నెత్తురు ఆగడంల్యా. కట్టుగుడ్డలన్నీ అయిపోయినాయి. బండి పంపిస్తాండావా?"

"పంపిస్తాండానప్పా. గట్టిగా అదిమి పట్టుకో."

కాల్పులు తగ్గేదాకా ఆగమన్నాడు సుబేదారు. మందుల సంచి కట్టిన బండి పావుగంట చలిలోనే ఉంది. రెండూ నలభైకి ఇంజిన్ లాగి స్టార్ట్ చేసి బండిని వదిలాను. యాభై మీటర్లు పోయింది. అప్పటికే గడ్డకట్టి పుల్లలా మారిన తాడు ఫట్‌మని తెగింది. బండి నిలిచిపోయింది. ఇంజిన్ మాత్రం మోగుతూనే ఉంది. ఆ మోతకు శత్రువు గురి బండి మీదికి తిరిగింది. బుద్ధిలేని వెధవను, గడ్డకట్టే చోట నీళ్లలో ముంచానే!

"నిల్సిపోయిందే! నేను పోయి తెస్తాన్నా."

"వద్దురా! నీ కాళ్లు మొక్కుతా, ఆడే ఉండు!"

"వీడు సస్తాడన్నా," అని రేడియో పడేశాడు.

పాకుతూ వచ్చాడు. సంచి తెంపుకున్నాడు. మళ్లీ పాకి, బంకర్ నోట్లోకి దాన్ని విసిరాడు. అప్పుడు పడింది షెల్, వాడి వెనకే. రెండు కాళ్లూ మోకాళ్ల దాకా లేవు. మంచు ఎర్రబడింది. లోపలివాడు కట్టు కట్టుకుని బతికాడు.

సెలవు దొరకగానే ఆదోని స్టేషన్‌లో దిగి, ఇంటికి పోకుండా హాలహర్వి బస్సెక్కాను. తాడు తడిపింది నేనేనని ఆ గన్నరు వాళ్ల నాయనకు చెప్పేశాను. ఆయన నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు.

"బాధపడినాడాప్పా మావాడు?"

"లేదు నాయనా. అప్పుడే పోయినాడు."

అది అబద్ధం. ఇరవై నిమిషాలు బతికే ఉన్నాడు. వాడి దగ్గరికి పోదామని నేను కందకం గట్టు మీద మోచేయి పెట్టిన ప్రతిసారీ, బోర్లా పడినవాడు పడినట్టే తల ఇటు తిప్పి, రావద్దని చేయి ఊపాడు. ఆ చేయి నా కళ్లముందు నుంచి పోదు.