టూర్వాల్డ్ కారు కూత

స్వీడన్‌లోని ఆ దీవిలో టూర్వాల్డ్ కారు తెలియనివాళ్లు లేరు. అరవైల నాటి ఆ పొడుగాటి ఎర్ర అమెరికా కారు కదిలిందంటే వీధిలో కిటికీ అద్దాలు అదిరేవి. భార్య ఇంగెయార్డ్ నడిపే గుండ్రటి పాత బుల్లి కారును చూస్తే మాత్రం అతనికి నవ్వాగేది కాదు. మోచెయ్యి కిటికీ మీద ఆనించి, మీసం దువ్వుకుంటూ, "దాన్ని జేబులో వేసుకుని తిరగొచ్చే!" అనేవాడు. ఒక ఉదయం కూతురు సూనివాకు పురిటినొప్పులు మొదలైతే, వెనకసీట్లో పడుకోవచ్చని పెద్ద కారులోనే ఎక్కించాడు. సంచులతో ఇంగెయార్డ్ తన కారులో వెనకాలే వచ్చింది. ఆసుపత్రి అవతలి ఒడ్డున ఉంది. రేవులో చూస్తే కార్లు దాటించే పడవ నిండిపోయి, ఒక్క మూల మిగిలింది.

"ఈ ఏనుగును ఎక్కడ పెట్టమంటావయ్యా? ఆ బుల్లిదైతే పడుతుంది," అన్నాడు పడవ నడిపే హస్సే. టూర్వాల్డ్ కూతుర్ని దించి, బుల్లి కారులో కూర్చోబెట్టి, తలుపు తనే మెల్లగా వేశాడు. దారికి అడ్డంగా ఉన్న తన కారును పక్కకు తీసి దిగేసరికి, బుల్లి కారును ఎక్కించుకుని పడవ కదిలిపోయింది. మళ్లీ పడవ మధ్యాహ్నానికి గాని లేదు. అతను రేవంతా పచార్లు చేశాడు. పడవ రాకముందే ఫోన్ మోగింది.

"ఆడపిల్ల, తాతగారూ! ఇద్దరూ బాగున్నారు," అంది ఇంగెయార్డ్.

అతను వెళ్లి కారులో కూర్చుని, హారన్ మీద అరచెయ్యి పెట్టి, నీళ్లకవతల మనవరాలికి వినపడుతుందేమోనని చాలాసేపు తియ్యలేదు.