మంగలి నా చేతిలో పెట్టిన రెండు వేళ్లు

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. సూరత్‌లో చీరల లోడుకు లారీ ఆపి, అక్కడి డిండోలి బస్తీలో మన కరీంనగర్ మంగలి దగ్గర కూర్చున్నాను. మెడ పట్టేసింది, కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. క్షవరమయ్యాక మెడ టక్కున తిప్పడం అక్కడ మామూలే. కళ్లు గట్టిగా మూసుకుని, "అన్నా, తలకాయ మళ్లీ నాకే ఇయ్యాలె," అన్నాను.

ఆయన నవ్వలేదు. మరమగ్గాలోళ్ల మెడలు చూసీ చూసీ నేర్చుకున్న పద్ధతట, ముందు తన రెండు వేళ్లు నా కుడిచేతిలో పెట్టాడు.

"జర గట్టిగ పట్టు, తమ్మీ."

పాణమంతా పెట్టి పిసికాను.

"ఏంది, పట్టవా?"

"పట్టిన గదనే!"

ఆయన వేళ్లు తీసుకుని, నా మెడకు కట్టిన గుడ్డ విప్పేశాడు. "నరం నలుగుతున్నట్టుంది. నీ మెడ నేను ముట్ట. దవాఖానకు పో."

తిప్పుతాడని అప్పటిదాకా వణికినోణ్ణి, తిప్పనన్నాక ఇంకా వణికాను. గేరు వెయ్యాల్సిన ఎడమచెయ్యి బాగానే ఉంది. స్టీరింగ్ పట్టాల్సింది కుడిచెయ్యే.