మా తోటికోడలి హిమాలయం

మా తోటికోడలు పోయిందని పొద్దున్న ఏడింటికి ఆవిడ కోడలు ఫోను చేసి చెప్పింది. పెరట్లో మిరియాలు ఆరబోస్తూ, పట్టా మీద కూర్చున్నచోటే పక్కకు వాలిపోయిందట. నోట్లో నీళ్ళు పోసేలోపే అయిపోయింది. నేను గ్యాసు కట్టేశానో లేదో రెండుసార్లు చూసుకుని, తలుపు తాళం మూడోసారి లాగి చూసి, అప్పుడు బయల్దేరాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఆవిడ అరకు చుట్టుపక్కల కొండల్లో నర్సు. టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని, జీపు వెళ్ళని పల్లెలకు నడిచే వెళ్ళేది. నాకంటే నాలుగేళ్ళు చిన్న. మా వైపు అక్కను పిలిచినట్టు నన్ను అప్పా అని పిలిచేది. రిటైరయ్యాక హిమాలయాల్లో నడుస్తానంది. గుళ్ళకు కాదు. మంచు కొండల మధ్య పల్లెల మీదుగా ఆరు రోజులు నడిచి, ఒక పాస్ దాటి అవతలికి దిగాలట.

"పాస్ ఏటే? బస్సు పాసా?" అన్నాను.

"బస్సెల్లని సోటికి బస్సు పాసెందుకప్పా? రెండు కొండల మజ్జిన మెడలాటి సోటు. ఇటు పల్లెవోలు అటు సంతకెల్లాలంటే అదే దాటాల."

"ఎంతెత్తుంటాది?"

"మన గాలికొండకి మూడింతలు."

ఆ మాటతో నాకు వారం రోజులు అన్నం సయించలేదు.

మా కొండ పల్లెల్లో దూరమెంత అని అడిగితే "ఇదిగో, ఈ కొండెనకే" అంటారు. ఆ వెనక చేరేసరికి ఒక పూట గడిచిపోతుంది. అందుకని ఆవిడ దూరం అడగడం ఎప్పుడో మానేసింది. "మోపుతో వస్తే అలుపు తీరడానికి ఎన్నిచోట్ల దించుతారు?" అని అడిగేది. నాలుగుచోట్ల అంటే మధ్యాహ్నానికి చేరతామని ఆవిడకు తెలిసిపోయేది. హిమాలయాన్నీ అలాగే అడిగింది. నడిపించేవాళ్ళు పంపిన కాగితంలో రోజుకు ఇన్ని కిలోమీటర్లని ఉంటే ఆవిడకు నచ్చలేదు. మీ మూటలు మోసేవాళ్ళు దారిలో ఎన్నిచోట్ల దించుతారో కనుక్కోండని ఫోను చేసింది. అవతలాయన నవ్వాడట. రెండు రోజులయ్యాక ఆయనే ఫోను చేసి, పాస్ ఎక్కే రోజున పదకొండుచోట్ల అని చెప్పాడు. ఆవిడ కిలోమీటర్లు కొట్టేసి పదకొండు అని రాసుకుంది.

వాళ్ళ ఫారంలో, ఏదైనా జరిగితే ఎవరికి కబురు చెయ్యాలి అన్నచోట కొడుకు పేరు రాయకుండా నా పేరు రాసింది.

"నన్నెందుకే రాసినావు? ఆ కబురింటే నానే పోతాను."

"నువ్వయితే ఒక్క మోతకే ఫోనెత్తుతావు. ఆడికి చేత్తే మూడో రోజుకి సూత్తాడు."

ప్రయాణం ఇంకా నెల ఉందనగా ఆ నడిపించేవాళ్ళ ఆఫీసు నుంచి ఒకమ్మాయి నాకు ఫోను చేసింది. ఆవిడకు ఆయాసం, గుండె నొప్పి లాంటివి ఎప్పుడైనా వచ్చాయా అమ్మా అంది. డాక్టరు కాగితంలో ఏమీ లేవనే ఉందట. కానీ నేను రెండుసార్లు చూశాను. మా ఇంటి మెట్లు ఎనిమిదే. సగంలో కూర్చుండిపోయి గుండె మీద చెయ్యి పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దంది.

నేను చెప్పేశాను. సాయంత్రానికల్లా ఆవిడ పేరు తీసేశారు.

మర్నాడు పొద్దున్నే వచ్చింది.

"సెప్పీసినావా అప్పా?"

"సెప్పీసినాను. బయమేసింది."

పీట లాక్కుని కూర్చుంది. టీ పెట్టమంది. సగం తాగాక అంది: "ముప్పయ్యేల్లు అందరి నాడీ సూసినాను. నాది నానే దాసుకున్నాను. నీకు అబద్దమాడ్డం రాదని తెలిసే నీ పేరు రాసినాన్లే."

అది నిజమో, నా మనసు కుదుటపడాలని అప్పటికప్పుడు అన్న మాటో నాకు తెలియదు. అడగాలని చాలాసార్లు అనుకున్నాను. అడగలేదు.

తర్వాత విశాఖ వెళ్ళి గుండె చూపించుకుంది. మాత్రలిచ్చారు. వాటిని మింగుతూనే ఇంకో ప్రయాణం ఆలోచించింది. ఈసారి బస్సు వెళ్ళే ఆఖరి పల్లె దాకానే. అక్కడ నాలుగు రోజులుండి, పాస్‌ను కిందనుంచి చూసి వచ్చెయ్యాలి. తోడు నేను. దానికి ముందు ఇక్కడి కొండెక్కడం నాకు అలవాటు చేస్తానంది.

"ఆళ్ళ బాస మనకి రాదు కదే. నాకక్కడ ఒంట్లో బాగోకపోతే ఎలా సెప్పాల?"

"ఏ ఊరోలయినా నొప్పున్న సోటే సెయ్యెడతారప్పా. బేగి సెప్పులు తొడుక్కో."

ఆ రోజు నేను నోరు మూసుకుని ఉంటే ఆవిడ మంచు చూసి ఉండేది. ఆ పదకొండు చోట్లలో ఎక్కడో కూలిపోయి కూడా ఉండేది. ఈ రెండో మాటే నాకు నేను చెప్పుకుంటాను. కానీ నా మాట వల్ల ఆవిడకు మిగిలింది పది నెలలు. ఆ రెండో ప్రయాణం దాకా కూడా అవి సాగలేదు. అందులో ఎంత ఆవిడకు కావాలనిపించిందో, ఎంత నా కోసం నడిచిందో తెలియదు. నాకు మాత్రం అవి పనికొచ్చాయి. డెబ్బై దాటాక కొండెక్కడం నేర్చుకున్నాను.

వలిసె పూలు విరగబూసిన రోజుల్లో మా ఇంటి వెనక కొండ మీదికి నన్ను రోజూ తీసుకెళ్ళేది. పాము, వాన, జారుడు రాయి అని నేను ఒక్కో అడుగుకూ ఒక్కో భయం చెబుతూ వెనకబడిపోయేదాన్ని. ఆవిడ ముందు మలుపు దాకా వెళ్ళి ఆగేది. నాకు వీపు పెట్టి, నడుం మీద చేతులుంచుకుని, కింద పసుప్పచ్చగా పరుచుకున్న చేలను చూస్తున్నట్టు నిలబడేది. నా ఆయాసం చెవిన పడేంత దగ్గరికి వచ్చేదాకా కదిలేది కాదు. వచ్చాక, వెనక్కి తిరిగి చూడకుండానే మళ్ళీ నడక మొదలుపెట్టేది.