మా నాయన నేర్చుకున్న తెలుగు

మా బంధువులు చెప్పే మా నాయనను నేనెప్పుడూ చూడలేదు. వాళ్లు చెప్పే ఆయన మహా జ్ఞాని, దయామయుడు, ఆ రోజుల్లోనే ఆడపిల్లల చదువు కోసం ఊరిని ఎదిరించిన వీరుడు. నేను చూసిన నాయన మాత్రం అన్నంలో రాయి వస్తే దాన్ని పళ్లెం అంచున పెట్టి, ఇంట్లో అందరూ వచ్చి చూసేదాకా ముద్ద ముట్టని మనిషి.

ఆయనది ఉత్తరదేశం. గంగ ఒడ్డున ఏదో పెద్ద మదరసాలో చదువుకున్నాడు. నమాజు చేయించి పిల్లలకు ఖురాన్ చెప్పే మంచి హజరత్ కావాలని తాడిపత్రిలో మా పేట మసీదు కమిటీ కబురు పెడితే రైలెక్కి వచ్చేశాడు. నీళ్లున్న చోటు వదిలి నీళ్లు లేని చోటికి ఒక మనిషి తనంతట తాను రావడం మావాళ్లకు కొత్త. అందుకే కొందరు ఆయన్ను మహాత్ముడనుకున్నారు, మిగిలినవాళ్లు కాస్త తిక్క ఉందనుకున్నారు. రెండూ ఆయన చెవిన పడ్డాయి. మొదటిది నమ్మాడు.

మా పేటలో ముస్లింల ఇళ్లలో తెలుగే మాట్లాడేవాళ్లం. దూది ఏకి పరుపులు కుట్టే కుటుంబాలు మావి. మా భాష ఆయన చెవికి, గొంతులో ఏదో అడ్డం పడ్డవాళ్లు చేసే చప్పుడులా ఉండేదట. దేవుని మాట ఆ నోళ్లతో తప్పు పలికితే పాపమని, ఒక్క అరబ్బీ అక్షరం దగ్గర పిల్లల్ని పొద్దంతా నిలబెట్టేవాడు. అక్షరం రాలేదు కానీ చాలామందికి గొంతు నొప్పి వచ్చింది.

అలాంటి మనిషికి కమిటీవాళ్లు తెలుగు తప్ప ఇంకేదీ రాని మా అమ్మనిచ్చి పెళ్లి చేశారు. ఆయన ఉర్దూలో ఆజ్ఞాపించేవాడు, ఆమె తెలుగులో తిట్టేది. మొదట్లో ఒకరు అన్నది ఒకరికి తెలియకపోవడం వల్ల సంసారం నిలబడింది. తరువాత తెలియడం మొదలైనా అలవాటైపోయింది.

నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు, యాభైల చివర్లో, వరసగా వానలు పోయాయి. పెన్నలో చెలమ తవ్వితే తడి ఇసుక తప్ప ఏమీ వచ్చేది కాదు. వాన నమాజు చేయించమని కమిటీ నాయనను అడిగింది. ఊరి బయట మైదానానికి అందరూ వచ్చారు. మావాళ్లే కాదు, చుట్టుపక్కల రైతులు, గనుల్లో బండలు తీసేవాళ్లు, చర్చికి పోయేవాళ్లు కూడా. వాన అందరిదీ కదా.

నమాజు అయ్యాక నాయన ఉపన్యాసం మొదలుపెట్టాడు. కడిగిన ముత్యం లాంటి ఉర్దూ. ఎండ నడినెత్తికి వచ్చింది, ఉపన్యాసం ఇంకా పీఠికలోనే ఉంది. తరువాత, కాలం మారాలని శాస్త్రం చెప్పినట్టు భుజం మీది శాలువా తిరగేసి కప్పుకున్నాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న మా అవ్వ, అంటే అమ్మ తల్లి, అది చూసి, "ఎండకు మతి తప్పినట్టుండాది మా అల్లునికి," అంది. అంతటితో ఊరుకోకుండా గొంతు పెంచింది.

"నాయనా, దేవునికి నీ మాట తెలుస్తాదేమో. దాహమైతాండేది మాకు. మాకూ తెలిసేట్టు చెప్పు."

నాయన ఆగిపోయాడు. జనాన్ని చూశాడు. పెదవులు పగిలిన ముఖాలు, తలపైన తుండుగుడ్డలు. ఏమనిపించిందో, చేతులు పైకెత్తి మొదటిసారి నలుగురిలో తెలుగు మాట్లాడాడు.

"ఏమయ్యా, నీకు కనపడలేదా? కడవలు ఎండినాయి. ఈ పిల్లోళ్ల మొగాలు చూడు. ఎన్నితూర్లు చెప్పాల నీకు? చెప్పి చెప్పి నా నోరు పడిపోతాంది. వింటాండావా, లేకుంటే విననట్టు కూచున్నావా?"

అది రోజూ పొద్దున ఆయన మసీదు నుంచి రాగానే మా అమ్మ ఎత్తుకునే పాట. మాట మారలేదు, సాగదీత కూడా మారలేదు. అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. వెనక వరసల్లో ఎవరో నవ్వారు. ముందు వరసలో ఒక ముసలి రైతు మాత్రం, "అంతే సామీ, బాగా అడుగు," అంటూ కళ్లు తుడుచుకున్నాడు. ఆ రోజు ఆమీన్ చెప్పినంత గట్టిగా మావాళ్లు అంతకు ముందెప్పుడూ చెప్పలేదు.

వాన రాలేదు. ఆ వారమూ రాలేదు, ఆ నెలా రాలేదు. వచ్చింది కమిటీ. పెద్ద మనిషిగా ఉన్న బండల వ్యాపారి మా వసారాలో కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"హజరత్, దేవునితో అట్లా మాట్లాడతారా? పెండ్లాంతో మాట్లాడినట్టుండాది."

"పెండ్లాంతో నేనెప్పుడూ అట్లా మాట్లాడలేదు," అన్నాడు నాయన. "ఆమే నాతో మాట్లాడింది. నాకు వచ్చిన తెలుగు అదే."

అన్నేళ్లుగా ఆయన ఉర్దూ ఎవరికీ తెలియడం లేదని గొణిగినవాళ్లే, తెలిసేట్టు మాట్లాడినందుకు ఆయన్ను మసీదు పని నుంచి తీసేశారు. పట్నం నుంచి కొత్త హజరత్‌ను తెచ్చుకున్నారు. ఆయన మాట ఒక్కటీ అర్థం కాలేదని అందరూ సంతోషించారు.

మగపిల్లలంతా కొత్తాయన దగ్గరికి పోయారు. మా వసారాలో నాయనకు మిగిలింది నేను, నాతో ఆడుకోవడానికి వచ్చే పక్కిళ్ల ఆడపిల్లలు. చదువు చెప్పకుండా పూట గడవని జబ్బు ఆయనది. మమ్మల్నే కూర్చోబెట్టాడు. బంధువులు చెప్పే పోరాటం ఇదే. మగపిల్లల్లో ఒక్కడు మిగిలి ఉన్నా మేం వంటింట్లోనే ఉండేవాళ్లం.

అయితే ఒకసారి మొదలుపెట్టాక వదలలేదు. మాకు చెప్పడం కోసం నా వాచకం పట్టుకుని తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. దిద్దుకున్న వెంటనే మమ్మల్ని దిద్దడానికి బయలుదేరాడు. ఒకరోజు అవ్వతో, "'ఉండాది' తప్పు. 'ఉంది' అనాలి. పుస్తకంలో ఉంది," అన్నాడు.

"నీ పుస్తకంలో ఉంటే ఉండనీ," అంది అవ్వ. "మా ఇంట్లో ఉండాది."

ఆ వసారాలో చదివిన పిల్లలు బడిలో చేరి పరీక్షలు పాసయ్యారు. ఒకామె కర్నూలులో నర్సు శిక్షణకు పోయింది. ఆమెను బస్సెక్కించడానికి నాయన కూడా వెళ్లి, దారి పొడవునా నమాజు వేళలు అప్పజెప్పించుకుని, బస్సు కదిలాక వెనక్కి తిరిగి చాలాసేపు ముక్కు చీదుకున్నాడు. దుమ్ము పడిందన్నాడు. కొన్నాళ్లకు బండల వ్యాపారి కూడా తన మనవరాలిని పంపాడు, పెరటి దారిన.

అరవైల చివర్లో, నేను పదో తరగతి పూర్తి చేసిన ఎండాకాలంలో, నాయన పోయాడు. పది రోజుల దాకా ఇల్లంతా జనం. వాళ్లు వెళ్లిపోయాక ఒక ఉదయం పిల్లలు మామూలుగా వచ్చి వసారాలో కూర్చున్నారు. ఏం చేయాలో తెలియక అమ్మ వైపు చూశాను.

"నువ్వు చెప్పు," అంది.

కూర్చున్నాను. నాయన కూర్చునే చోటే, వాచకం తెరిచి పెట్టుకున్నాను. ముందు కూర్చున్న పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "అక్కా, నీకు హజరత్ అంత వచ్చునా?" అంది.

రాదని చెప్పబోతుంటే వంటింట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఆయప్ప మాత్రం ఈడికి వచ్చినప్పుడు అన్నీ నేర్చుకోని వచ్చినాడా? మొదలుపెట్టండి. పొద్దు పోతాంది."