ఆయన జబ్బు నా పేరు మీద

రొమ్ము క్యాన్సర్ అని డాక్టరమ్మ చెప్పగానే మా ఆయన నావైపు చూశారు, ఆ మాట నన్ను గురించేమోనని. కాసేపు నేనూ అలాగే అనుకున్నాను. మగవాళ్ళకి కూడా వస్తుందని అంతకుముందు మా ఇద్దరికీ తెలీదు. ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే "ఇది మనిద్దరి మధ్యే ఉండాల" అని నా చేత ఒట్టు వేయించుకున్నారు. శ్రీకాకుళం పక్క ఊళ్ళో పప్పులూ బెల్లమూ అమ్మే కొట్టు మాది. కొట్టు ముందు బల్ల మీద పొద్దుటి నుంచీ నలుగురు కూర్చునే ఉంటారు, వాళ్ళకి వేరే పని లేదు. ఈ మాట అక్కడ పడితే తను మళ్ళీ కొట్లో కూర్చోలేనని ఆయన భయం. సరే అన్నాను. ఆ మనిషి మొహం చూసి ఎవరైనా సరే అనే అంటారు.

విశాఖలో ఆపరేషన్ చేసి ఎడమవైపు మొత్తం తీసేశారు. చంక కిందనుంచి ఒక గొట్టం, దాని చివర ప్లాస్టిక్ బుడ్డి. అందులోకి దిగిన నీరు రెండు పూటలా కొలిచి, కాగితం మీద రాసి, పారబోసి మళ్ళీ బిగించడం నా పని. గొట్టం తీశాక, చెయ్యి బిగుసుకుపోకుండా గోడ మీద వేళ్ళు పైకి పాకించమన్నారు. రెండుసార్లు పాకించి మూడోసారికి నామీద అరిచేవారు. ఆ తర్వాత కరెంటు పెట్టారు. రేడియేషన్‌ని మావైపు అలాగే అంటారు. అన్ని వారాలూ విశాఖలో ఒక గది తీసుకుని ఉన్నాం. అదయ్యాక ఏళ్ళ తరబడి వేసుకోవాల్సిన మాత్రలు రాశారు. అవి వేసుకుంటే ఒంట్లో సెగలు. ఫ్యాను కింద కూర్చుని చెమటలు కారుతుంటే "ఇదేటే ఇలగుంది" అన్నారు. ముట్లు ఆగిపోయే వయసులో మాకు ఇలాగే ఉంటుందండీ అన్నాను. రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

అలిసిపోయాను. మాకు పిల్లలు లేరు. ఎవరికీ తెలీదు కనక, నువ్వు తిన్నావా అని అడిగిన నాథుడు లేడు. గదిలో వంట, ఆసుపత్రిలో వరస, మళ్ళీ గది. బస్సులో నిలబడే కునుకు తీసేదాన్ని.

ఆ ఆసుపత్రిలో రొమ్ము జబ్బులు చూసే గది ముందు అందరూ ఆడవాళ్ళే. ఫైలు నా ఒళ్ళో పెట్టి, ఆయన మాత్రం దూరంగా మెట్ల దగ్గర పేపరు పట్టుకుని నిలబడేవారు. ఒకరోజు మా వీధిలో బట్టల కొట్టు వాళ్ళావిడ, వాళ్ళ అమ్మని చూపించడానికి వచ్చి, నన్ను చూసింది. నా ఒళ్ళో ఫైలు చూసింది, గది పైనున్న బోర్డు చూసింది. "ఏటి పిన్నీ, నీకా?" అంది. మెట్లవైపు చూశాను. పేపరు ఇంకా పైకి లేచింది. నేను ఏమీ అనలేదు. అదే నేను చేసిన పని.

మేం ఊరికి వచ్చేసరికి జబ్బు నాదైపోయింది. ఏం చేద్దామండీ అంటే "పోనీ, అలాగే అనుకోనీ. నీకేటి పోతాది?" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా, ఆయన గోడకేసి తిరిగి చెప్పిన తీరు చూసి ఊరుకున్నాను. ఆయన చెయ్యి లేవకపోవడానికి భుజం పట్టేసిందని చెప్పుకున్నాం.

పది రోజులకి వదిన దిగింది. మా ఆయనకి అక్క, విజయనగరంలో ఉంటుంది. వాళ్ళాయన పోయాక ఒక్కర్తే. ఒక చేతిలో సంచి, ఒక చేతిలో సున్నుండల డబ్బా. గుమ్మంలోనే "ఒసే, నువ్వు మంచం దిగేవంటే నాతో మాటల్లేవు" అంది. వంటింట్లోకి వెళ్ళి, కొంగు బిగించి, నా గిన్నెలన్నీ తనకి వీలుగా సర్దేసింది. మూడు నెలలు ఉంది.

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మూడు నెలలూ నాకు బాగుంది. పొద్దున్నే వేణ్ణీళ్ళు తోడి పెట్టేది. బీరకాయ పప్పులో నెయ్యి వేసి కలిపి "బేగి తిను, సల్లారిపోతాది" అని పక్కన కూర్చునేది. మధ్యాహ్నం తలుపు దగ్గరికి వేసి, వీధిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే వెళ్ళి కసిరేది. నేను పడుకుని నిద్రపోయేదాన్ని. పెళ్ళయ్యాక పగటిపూట అలా నిద్రపోయిన గుర్తు లేదు. ఆవిడ లేని అరగంట చూసుకుని, పక్క గదిలో ఆయన చేతికి నూనె రాసి, గోడ మీద వేళ్ళు పాకించి, మళ్ళీ వచ్చి రోగిష్టిదానిలా పడుకునేదాన్ని. సిగ్గుగా ఉండేది. లేచి వెళ్ళాలని మాత్రం ఉండేది కాదు.

కాని ఒక ముల్లు ఉంది. కరెంటు పూర్తయిన రోజున డాక్టరమ్మ "మీకు అక్కచెల్లెళ్ళు ఉన్నారా?" అని ఆయన్ని అడిగింది. ఒక అక్క ఉందన్నారు. మగవాళ్ళకి వచ్చిందంటే అది రక్తంలోనే ఉండొచ్చు, ఆవిడని తప్పకుండా ఒకసారి తీసుకురండి, ఆలస్యం చెయ్యొద్దు అంది. ఆయన తలూపారు. బయటికి వచ్చాక "అప్పకి సెప్తాలే" అన్నారు. ఆ అప్ప, అంటే మా వదిన, ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటూ, మా వంటే వండుతోంది. ప్రతి ఆదివారం నేను గుర్తుచేసేదాన్ని, ప్రతి ఆదివారం ఆయన వచ్చేవారం అనేవారు.

ఒకరోజు అన్నాల దగ్గర నేనే కదిపాను. "ఈ రొమ్ము పరీక్ష ఆడవాళ్ళందరూ చేయించుకోవాలట వదినా, మీరూ ఒకసారి రండి" అన్నాను. వదిన చారు వడ్డిస్తూ "నీ పుట్టింటి జబ్బు నాకెందుకొస్తాదే? మీ అమ్మకేమైనా ఉండేదేటి?" అంది. ఆవిడ మనసులో ఏమీ లేదు, ఊరికే అంది. మా అమ్మ ఏ జబ్బూ లేకుండా తొంభై ఏళ్ళు బతికిన మనిషి. ఆయన తల వంచుకుని మజ్జిగ కలుపుకుంటున్నారు. ఆ మజ్జిగ చెంబు ఆయన నెత్తిన బోర్లించాలనిపించింది.

అప్పుడైనా నేను చెప్పెయ్యాల్సింది. ఒట్టు వేశానని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. చెబితే రేపట్నుంచి ఆ వేణ్ణీళ్ళు నాకుండవు. వంటిల్లు నాది, ఆయన సేవ నాది, పైగా అబద్ధమాడిందని పేరు.

ఇంతలో మా మామగారి తద్దినం వచ్చింది. ఏటా శ్రీకూర్మంలో పెడతారు. ఈసారి మేమిద్దరం వెళ్ళొచ్చేస్తాం అని ఆయన అంటే, "నాన్నకి నేను కూతుర్ని కానేటి?" అని వదిన ముందే ఆటో ఎక్కి కూర్చుంది.

చొక్కా విప్పి కూర్చోవాలి కదా. ఆయన ఉత్తరీయం ఎడమ భుజం మీదుగా రెండు మడతలు కప్పుకుని, చివర నడుములో దోపుకున్నారు. ఎడమవైపు ఏమీ కనపడదు. ధైర్యంగానే కూర్చున్నారు. నాకు మాత్రం ముందునుంచీ తెలుసు, పిండం పెట్టేటప్పుడు అపసవ్యం చెయ్యాలని. జంధ్యంతోపాటు ఉత్తరీయమూ కుడి భుజం మీదికి మార్చాలి. ఏటా చేసేదే, భయంలో ఆయన మర్చిపోయారు. నేను గుర్తుచెయ్యలేదు. వదినకి నిజం నా నోటితో చెప్పే ఓపిక ఇంక నాకు లేదు.

తద్దినం పెట్టించే బ్రహ్మగారు "అపసవ్యం" అన్నారు. ఆయన కదల్లేదు. "అపసవ్యం చేసుకోండి బాబూ" అని మళ్ళీ అన్నారు. ఆయన నావైపు చూశారు. నేను చూపు తిప్పుకున్నాను. మెల్లిగా ఉత్తరీయం తీసి కుడి భుజం మీద వేసుకున్నారు. చంకలోంచి ఛాతీ మధ్యదాకా ఆ గీత, పక్కన కరెంటుకి నల్లబడిన చర్మం. బ్రహ్మగారు ఒక్క క్షణం ఆగి మంత్రం అందుకున్నారు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తద్దినం అయ్యేదాకా ఆ కొంగు తియ్యలేదు.

ఆటోలో ఆయనే చెప్పారు, అన్నీ. డాక్టరమ్మ మాట కూడా. వదిన ఒక్కటే అడిగింది, ఆయన్ని కాదు, నన్ను. "అయితే నువ్వు బాగానే ఉన్నావా?" బాగానే ఉన్నాను వదినా అన్నాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

ఇంటికి వచ్చాక నన్ను వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. నా చెయ్యి పట్టుకుని, రవిక కిందనుంచి తన కుడి రొమ్ము మీద పెట్టింది. కుంకుడు గింజంత, గట్టిగా, కదలకుండా ఉంది.

"ఎన్నాళ్ళయింది వదినా?"

"నేనొచ్చిన నెలకి తగిలింది. నువ్వే మంచం మీదున్నావు. ఒక కొంపలో ఇద్దరుంటే ఎవరు సేస్తారు? నువ్వు లేచేక సూద్దాంలే అని ఊరుకున్నాను."

మర్నాడు మొదటి బస్సుకి ముగ్గురం విశాఖ వెళ్ళాం. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఎన్నాళ్ళనుంచి ఉందని అడిగింది. వదిన మా ఇద్దరివైపూ చూడకుండా "పది రోజులవుతాదండి" అంది.

"కాదండీ, రెండు నెలలు" అన్నాను. ఆ రెండు నెలలూ ఆవిడ తలుపు దగ్గరికి వేస్తే నేను నిద్రపోయాను.