తోటికోడలి ‘నైదర్ డూ ఐ’

మూడంటే మూడు ఇంగ్లీషు మాటలతో కన్నకూతురి కొంప ముంచిన తల్లిని మీరు చూసుండరు. ఆ తల్లిని నేనే.

గజపతినగరంలో మాకు కిరాణా కొట్టు ఉంది. నాది టెన్తు చదువు, మా తోటికోడలు హేమది డిగ్రీ. ఆమె ఇంగ్లీషు మాట్లాడితే మా అత్తగారి మొహం పెట్రోమాక్సు లైటులా వెలిగేది. నా కడుపు మాత్రం అడుగంటిన పప్పుగిన్నె అయ్యేది.

వాళ్ళబ్బాయి, మా లావణ్య ఒకే బడిలో ఆరో తరగతి. పేరెంట్స్ మీటింగుకి ఇద్దరం వెళ్ళాం. ముందు హేమ వంతు. పిల్లల చేతికి ఫోను ఇవ్వడం తనకి నచ్చదని టీచరమ్మ ఇంగ్లీషులో అంది. హేమ తడుముకోకుండా “నైదర్ డూ ఐ, మేడమ్” అంది. టీచరమ్మ మురిసిపోయింది. నేను ఉడికిపోయాను.

హేమ లేచి వస్తుంటే, అంటే ఏటని చెవిలో అడిగాను.

“నేను కూడా అని, అక్కా.”

ఓస్, ఇంతేనా అనుకుని, నా వంతు వచ్చేదాకా దాన్నే మంత్రంలా జపించాను.

లావణ్య ఈసారి ఫస్టు వస్తుందని తన నమ్మకమంది టీచరమ్మ, ఇంగ్లీషులోనే. ఫస్టు అన్నది నాకు బాగానే అందింది. హేమకి వినపడేలా గొంతు పెంచాను.

“నైదర్ డూ ఐ, మేడమ్.”

ఆవిడ పెన్ను ఆగిపోయింది. మీకు నమ్మకం లేదా అని ఇంగ్లీషులోనే అడిగింది. తెలుగులో అయితే మనమేమంటాం? కాదు కాదు, ఉంది అంటాం. నేనూ అందుకే “నో, నో” అన్నాను. ఇంగ్లీషులో దానికర్థం ‘లేదు, బొత్తిగా లేదు’ అని నాకేం తెలుసు? నా పక్కనే నిలబడ్డ లావణ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చివరికి హేమే వచ్చి టీచరమ్మకి సర్దిచెప్పింది.

ఇంటికెళ్ళే ఆటోలో పిల్ల నాకు వీపు చూపించి కూర్చుంది. ఇక దాచలేక, మీ పిన్నిని సూసి కుళ్ళుకున్నానే, నాకూ నమ్మకమే అని సెప్పబోయానే అని ఒప్పేసుకున్నాను. అది కళ్ళు తుడుచుకుని, ఎదుటివాళ్ళు కాదు, లేదు అన్నప్పుడే నైదర్ పనికొస్తాదని, లేకపోతే ‘సో డూ ఐ’ అనాలని నాకు పాఠం చెప్పింది.

“పోనీలే అమ్మా. నీకు ఇంగ్లీషు రాదని పిన్ని మేడమ్‌కి సెప్పేసింది.”

“అదీ ఇంగ్లీషులోనే సెప్పిందేటి?”

పిల్ల పకపకా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ సాయంత్రమే కొట్టులో కర్పూరం వెలిగించి ఒట్టేశాను. ఇకమీదట ఎవరు ఇంగ్లీషులో ఏమన్నా తల ఊపుతాను తప్ప నోరు విప్పను. తోటికోడలు పక్కనుంటే ఆ తలా ఊపను.