సంగటి ఎవరైనా నములుతారా?

రెండు రాగిసంగటి ముద్దలు ఒక మనిషిని చావు అంచుదాకా తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి, అతని చేత దాచుకున్నవన్నీ కక్కించగలవంటే మీరు నమ్మరు. ఆరేళ్ల కిందటిదాకా నేనూ నమ్మేవాణ్ణి కాదు. అప్పుడు నాకు నలభై ఎనిమిదేళ్లు. వయసైతే వచ్చింది గానీ బుద్ధి మా ఊరి బస్సులాగా ఇంకా దారిలోనే ఉంది.

నల్లమాడ దగ్గర పల్లె మాది. వాన పడితే చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేస్తాం; పడకపోతే ఆకాశం చూస్తాం. ఆ ఏడు రెండు నెలలుగా నాకు కడుపునొప్పి, దానికి తోడు ఒళ్లు తగ్గిపోవడం. మా నాయన కడుపులో గడ్డతోనే పోయాడు. ఆ భయంతో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే రోగమే విసుగుపుట్టి వెళ్లిపోతుందనుకున్నాను. మా ఆవిడ నాగలక్ష్మి కనిపెట్టి, నన్ను అనంతపురం లాక్కుపోయింది. అక్కడి డాక్టరు పెద్దపేగుకు సీటీ స్కాన్ రాశాడు.

స్కాన్ చేసేచోట నర్సమ్మ గుంటూరు వైపు మనిషి. ఎంతో ఓపిగ్గా చెప్పింది.

"ముందురోజు గట్టి పదార్థాలు ముట్టుకోకండి. కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, అలాంటివే తాగండి. మధ్యాహ్నం ఈ పొడి నీళ్లలో కలుపుకుని తాగితే కడుపంతా ఖాళీ అవుతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నమిలేది ఏదీ తినకూడదు."

"మింగేదైతే పర్వాలేదా మేడం?"

"ఆఁ, మింగేవే తీసుకోండి."

ఆ తల్లి మాటలో తప్పేమీ లేదు. ఆమెకు సంగటి తెలియదు, అంతే.

ముందురోజు మధ్యాహ్నం పొడి కలుపుకుని తాగాను. తర్వాత జరిగింది మర్యాదస్తుల ముందు చెప్పేది కాదు. మా చెరువు కట్ట తెగిందని చిన్నప్పుడు పెద్దలు చెప్పుకునేవారు, అదెట్లా తెగి ఉంటుందో ఆ రోజు అర్థమైంది. పొద్దు వాలేసరికి తెగడానికి ఇంకేమీ మిగల్లేదు. కళ్లు తిరుగుతున్నాయి. నాగలక్ష్మి వంటింటి గడపలో అడ్డంగా కూర్చుని కాపలా కాస్తోంది. ఆమె బర్రెను తోలుకురావడానికి లేచిన క్షణంలో, పక్కింటి నుంచి నాటుకోడి పులుసు వాసన వచ్చింది.

పక్కిల్లు మా వదినది, అంటే మా అన్న భార్యది. రెండిళ్ల మధ్య మొలిచిన కరివేపాకు చెట్టు ఎవరిదన్న పేచీతో ఆమెకూ నా భార్యకూ ఏడేళ్లుగా మాటల్లేవు. అయితేనేం? ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు, భేదిమందు పడిన కడుపు పేచీలెరుగదు.

"ఏమప్పా, ఇట్ల పీక్కపోయినావు? సంగటి తింటావా?" అంది వదిన, తన గుమ్మంలో తేలిన నన్ను చూసి.

"నమిలేది తినగూడదంట వదినా."

"సంగటి ఎవరన్నా నములుతారా? మింగేదే కదప్పా!"

చూశారా ఎంత గొప్ప తర్కమో! మా వైపు సంగటిని నమలడమంటే నామోషీ. ముద్ద తుంచి, పులుసులో ముంచి, గుటుక్కున మింగాలి. చిన్నప్పుడు నేను నమిలితే మా నాయన నెత్తిన మొట్టేవాడు.

"సరే వదినా. ముక్కలు మాత్రం వెయ్యొద్దు. అవి నమలాల. డాక్టరు మాట జవదాటగూడదు" అన్నాను, మహా నియమంగా.

మరునాడు స్కాన్. వెనకంతా తెరిచి ఉన్న గౌను ఒకటి తొడిగారు. మిషను బల్ల మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, వెనకనుంచి సన్నటి గొట్టం పెట్టి పేగులోకి గాలి ఎక్కించారు. ట్రాక్టరు టైరు పడే బాధ మనిషికి తెలియాలంటే అదొక్కటే దారి.

"గాలి వదలొద్దు! ఊపిరి బిగబట్టండి!" అంటున్నాడు మిషను నడిపే అతను. వెల్లకిలా ఒకసారి తీశారు, బోర్లా ఒకసారి తీశారు. అంతా అయ్యాక అతను అద్దం అవతల డాక్టరమ్మతో అన్న మాట నా చెవిన పడింది.

"మేడం, ఒకటి కాదు, ఆడాడ గడ్డల్లాగా కనపడతాండాయి."

ఆమె బయటికి వచ్చి అడిగింది. "అన్నా, మీ ఇంట్లో ఎవరికైనా కడుపులో గడ్డ ఉండెనా?"

"మా నాయనకు" అన్నాను.

"బయట కూర్చో అన్నా. ఇంగోసారి చూసి చెప్తా."

బెంచీ మీద కూర్చున్నాను. నిజం చెబుతున్నాను, నాకు చాలా భయమేసింది. మా నాయన ఆఖరి రోజులు కళ్ల ముందు తిరిగాయి. విషయం చెప్పగానే, బయట కాచుకుని ఉన్న నాగలక్ష్మి నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పోయేవాడు గుండె బరువు దించుకుని పోవాలనిపించింది.

"నాగలక్ష్మీ, మీ తమ్ముని గృహప్రవేశానికి రాయదుర్గం రాలేదు చూడు, ఆ పొద్దు బస్సు చెడిపోలేదే. బత్తలపల్లెలో పేకాట ఆడుకుంటా కూర్చుంటి."

"పోనీలేయ్యా, ఇప్పుడు అదంతా యాల?" అంటూ ఇంకా ఏడ్చింది.

"నీ ధర్మవరం చీర నేను ఎంచలేదు. మా వదిన ఎంచింది."

నా చెయ్యి మీద ఆమె పట్టు కొంచెం సడలింది. ఆ చీరను ఇరవై ఏళ్లుగా 'మా ఆయన ఎంచిందే' అని ఊరంతా చూపించుకుంది పాపం. అయినా ముక్కు చీది, "పోనీలే" అంది.

"ఇంగొకటి. నిన్న సాయంత్రం వదిన ఇంట్లో సంగటి తింటి."

ఏడుపు టక్కున ఆగింది.

"ఎన్ని ముద్దలు?"

"రెండు."

లేచి నేరుగా డాక్టరమ్మ గదిలోకి పోయింది. క్షణంలో నన్నూ పిలిచారు.

"నమిలేది తినొద్దని చెప్పలేదా అన్నా?"

"సంగటి ఎవరైనా నములుతారా మేడం?"

డాక్టరమ్మ తల పట్టుకుంది. ఆమెది కదిరి. కోపం తెచ్చుకుందామని చూసింది గానీ నవ్వే ముందు వచ్చేసింది. "అదీ సంగతి! గడ్డయితే పుట్టినచోటే ఉండాల. నువ్వు బోర్లా పడుకోంగానే ఇవి జాగా మార్చినాయి. నాకూ అనుమానం కొట్టింది. మళ్లా తీయాలన్నా."

వారం తర్వాత మళ్లీ పొడి, మళ్లీ గాలి. ఈసారి నాగలక్ష్మి బర్రెను కూడా మరిచి నన్నే కాసింది. "పేగు శుభ్రంగా ఉండాది. గడ్డా లేదు, గిడ్డా లేదు. కారం తగ్గించు" అంది డాక్టరమ్మ. అక్కడే, అందరి ముందే ఏడ్చేశాను. ఇంకా బతకొచ్చన్న సంతోషం అట్లాంటిది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. గాలి చల్లగా ఉంది, బీడు నేలలు కూడా అందంగా కనిపిస్తున్నాయి. నాగలక్ష్మి టికెట్లు కొంగున ముడేసుకుని, తీరిగ్గా నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు మనం చావు గురించి కదా మాట్లాడుకుంటా ఉంటిమి. ఇప్పుడు చెప్పు. చీర ఎవరు ఎంచినారన్న్యావు?"

ఆ బస్సులోనే, ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని ప్రమాణం చేశాను. ఈ జన్మలో, రిపోర్టు చేతికి రాకముందు, భార్య దగ్గర ఒక్క పాపం కూడా ఒప్పుకోను. వచ్చిన తర్వాత అసలే ఒప్పుకోను.